ఇర్మాకు కుడివైపు

ఆగస్టు 14, బుధవారం

రాసిపెట్టమన్నారు కాబట్టి రాస్తున్నాను. పశువుల ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఎత్తిన అమ్మాయి, "ముసలి కుక్క ఉన్నట్టుండి మారిందంటే ఊరికే మారదండీ, లోపల ఏదో ఒకటి ఉంటుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో ఎలా చేసిందో రోజూ రాసుకోండి," అంది. పాత వేట పుస్తకంలో వెనక సగం ఖాళీగా ఉంది. అందులో రాస్తాను. పుస్తకం కట్టెల కొట్టంలో మేకుకు వేలాడుతుంది. సిగ్‌బ్రిత్ అటు రాదు.

ఇర్మాకు పదకొండేళ్లు. ఎల్క్ అనే పెద్ద అడవి దుప్పుల వేట కోసం పెంచే జాతి. అడవిలో ఎల్క్ ఎదురుపడితే నేను చేరేదాకా, గంటయినా సరే, మొరుగుతూ దాన్ని కదలనివ్వదు. ఇన్నేళ్లలో ఒక్క మనిషికి పళ్లు చూపించలేదు.

నిన్న భోజనం వేళ సిగ్‌బ్రిత్ మీద గుర్రుమంది. సిగ్‌బ్రిత్ పొయ్యి మీంచి బంగాళాదుంపల గిన్నె దించి బల్ల దగ్గరికి వస్తోంది. ఇర్మా ఎప్పటిలా బల్ల పక్కన పడుకుని ఉంది. సిగ్‌బ్రిత్ తోక తొక్కి ఉంటుంది.

తొక్కలేదంటోంది.

ఆగస్టు 18, ఆదివారం

మళ్లీ గుర్రుమంది. మళ్లీ సిగ్‌బ్రిత్ మీదే. మళ్లీ వంటింట్లోనే.

"ముప్పై ఆరేళ్ల కాపురంలో నీ కుక్కలు ఐదింటికి అన్నం పెట్టాను హెల్గె. ఒక్కటీ నా మీద ఇలా గుర్రుమనలేదు," అంది.

"నువ్వు భయపడుతున్నావు, దానికి తెలిసిపోతోంది," అన్నాను.

"నేను భయపడింది అది గుర్రుమన్నాక. ముందు కాదు."

ఇంకేం గమనించాను? ఇర్మా నీళ్ల గిన్నెను కాలితో తన్నేసింది. వరండా మెట్లు దిగేముందు ఆగి ఆలోచిస్తోంది. కన్ను కాస్త ఎర్రగా ఉంది, బ్లూబెర్రీ పొదల్లో దూరింది కదా. నాతో మాత్రం మునుపటి కంటే ప్రేమగా ఉంటోంది. వచ్చి తలను నా తొడకు అదిమి అలాగే నిలబడిపోతోంది. ఎంతసేపైనా తీయదు. ఇలా చేసే కుక్క కరిచే కుక్క కాదు.

ఆగస్టు 20, మంగళవారం

ఎగువ పొలంలో ఆవులను చూడటానికి వచ్చిన డాక్టరును బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. రెండు చేతుల్లో మోచేతి దాకా పేడ వాసన. కుక్కల డాక్టరు కాడు, ఆ మాట ఆయనే ముందు చెప్పాడు. నోరు తెరిచి పళ్లు చూశాడు. చెవులు చూశాడు. వెనక కాళ్లు మడిచి చూస్తే ఇర్మా మూలిగింది. రక్తం తీసుకున్నాడు.

"థైరాయిడ్ తగ్గినా కోపం వస్తుంది. కీళ్లనొప్పులకూ వస్తుంది. ఈ వయసులో మెదడు కూడా తడబడొచ్చు, మనుషుల్లో పెద్దవాళ్లకు వచ్చినట్టే. రాత్రిళ్లు తిరుగుతోందా? గోడ వంక చూస్తూ నిలబడుతోందా?"

లేదన్నాను. నిజానికి కట్టెల పేర్పుకు తల ఆనించి నిలబడటం రెండుసార్లు చూశాను. కానీ అది గోడ కాదు కదా.

కన్ను సంగతి చెప్పలేదు. ఇవాళ ఎరుపు తగ్గినట్టే ఉంది.

ఆగస్టు 23, శుక్రవారం

సిగ్‌బ్రిత్ ముంజేతి మీద గీత. గోరు తగిలింది.

ఆగస్టు 27, మంగళవారం

రక్తంలో ఏమీ లేదట. థైరాయిడ్ బాగుంది, కాలేయం బాగుంది, మూత్రపిండాలు ఈ వయసుకు మెరుగే. అయితే తుంటి కీళ్లే అయి ఉంటాయని నొప్పి మాత్రలు రాశాడు. లివర్ పేస్ట్‌లో పెట్టి ఇచ్చాను.

చాలా తేలికపడ్డాను. సిగ్‌బ్రిత్‌తో చెప్పాను, కీళ్లేనట, మాత్రలు పనిచేస్తాయట అని. ఆమె గిన్నెలు తుడుస్తూ, "సరే," అంది. ఇప్పుడు పొయ్యి దగ్గర్నుంచి బల్లకు నేరుగా రావడం లేదు. హాలు మీదుగా చుట్టు తిరిగి వస్తోంది. అతి చేస్తోంది.

ఆగస్టు 31, శనివారం

రూనె వచ్చాడు. సిగ్‌బ్రిత్ అన్న. మా వేటజట్టుకు పెద్ద. సోమవారం నుంచి వేట మొదలు, ఎవరు ఎక్కడ కాపు కాయాలో చెప్పడానికి వచ్చానన్నాడు. అది ఫోన్‌లో చెప్పొచ్చు.

కాఫీ తాగాడు. కప్పు కింద పెట్టి, "బావా, మా చెల్లి చేతి మీద ఏంటది?" అన్నాడు.

"గోరు గీసుకుంది."

"గోరా? గోరు నాలుగు చుక్కలుగా దిగుతుందా?"

సిగ్‌బ్రిత్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నా తరఫునా మాట్లాడలేదు, అన్న తరఫునా మాట్లాడలేదు.

"డాక్టరు చూశాడు. కీళ్లు. మాత్రలు వాడుతున్నాం," అన్నాను.

"చూడు బావా. నా కుక్క గ్రిమ్‌ను నేనే కాల్చుకున్నాను. నాలుగేళ్ల వయసు దానికి. పక్కింటి పాపను కరిచింది, ఆ సాయంత్రమే అడవికి తీసుకెళ్లాను. నాకేమన్నా సరదానా? ఇంట్లో మనిషి కుక్కను తప్పించుకుని తిరగాల్సి వస్తే అది ఇల్లు కాదు. నీ చేత కాకపోతే చెప్పు, నేను తీసుకెళ్తాను."

"నా కుక్క జోలికి ఎవరూ రానక్కర్లేదు."

ఇర్మా కిటికీ వైపు నుంచి వచ్చి రూనె చేయి నాకింది. చూశావా అన్నట్టు నేను సిగ్‌బ్రిత్ వంక చూశాను. ఆమె లేచి వెళ్లిపోయింది.

సెప్టెంబరు 2, సోమవారం

వేట మొదటి రోజు. ఇర్మాను తీసుకెళ్లలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. రూనె అందరికీ చెప్పేశాడన్నమాట.

సెప్టెంబరు 4, బుధవారం

కరిచింది.

మధ్యాహ్నం. బల్ల దగ్గర. సిగ్‌బ్రిత్ కింద పడిన చెంచా తీయడానికి వంగింది. కుడి అరచేయి. ఆరోగ్యకేంద్రంలో మూడు కుట్లు వేశారు.

ఇర్మా వెంటనే వదిలేసింది. గట్టిగా పట్టుకుని ఉంటే ఎముక విరిగేది. తర్వాత మూలకు పోయి వణుకుతూ కూర్చుంది. అది కావాలని చేయలేదు. దాని ముఖం చూస్తే తెలిసిపోతుంది.

సెప్టెంబరు 5, గురువారం

సిగ్‌బ్రిత్ ఓస్టర్‌సుంద్ పట్నంలో చెల్లెలు గుడ్రున్ ఇంటికి వెళ్లింది. కొన్నాళ్లకే.

సెప్టెంబరు 7, శనివారం

నిన్నంతా ఈ పుస్తకం ముట్టుకోలేదు. సంచి సర్దుకుంటూ ఆమె అన్న మాట రాయాలి. రాయకపోతే రేపటికి ఇంకోలా గుర్తుచేసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

"కరిచినందుకు కాదు వెళ్లేది," అంది. కట్టు కట్టిన చేత్తో సంచి జిప్పు లాగలేకపోతోంది. నేను లాగబోతే వద్దంది. "నా చేతిలోంచి రక్తం కారుతుంటే నువ్వు ముందు మూలకెళ్లి కుక్కను చూశావు హెల్గె. దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నావు. గుడ్డ నేనే వెతుక్కుని కట్టుకున్నాను."

అలా చేయలేదన్నాను.

చేశాను. కుక్క ముఖం ఎలా ఉందో నాకు తెలుసని పైన రాశాను. ఆమె ముఖం ఎలా ఉందో నాకు గుర్తులేదు.

ఇంకోటి. ఆగస్టు 23న గోరు అని రాశాను. నేను ఆ గదిలోనే ఉన్నాను. పళ్లు.

సెప్టెంబరు 8, ఆదివారం

రూనె ఫోన్ చేశాడు. రెండే మాటలు. "నువ్వా, నేనా?"

"నేనే. రేపు."

సెప్టెంబరు 9, సోమవారం

ఉదయం ఆరింటికి తుపాకీ తీసుకుని ఇర్మాతో బయలుదేరాను. తుపాకీ చూడగానే అది ఎగిరి గంతేసింది. వేటకు తీసుకెళ్తున్నాననుకుంది. కారు వెనక ఎక్కడానికి ఒకసారి దూకి, అంచుకు మూతి కొట్టుకుని, మళ్లీ దూకింది.

చిత్తడినేల అవతల దేవదారులు నరికేసిన మైదానం ఉంది. అక్కడ మొద్దు మీద కూర్చున్నాను. మంచు ఇంకా విడలేదు. తొందరేమీ లేదనుకున్నాను. సిగ్‌బ్రిత్ లేదు కాబట్టి రొట్టె నేనే చేసుకుని తెచ్చుకున్నాను, అందులో సాసేజ్ ఉంది. తుంచి ఇర్మాకు వేయడం మొదలుపెట్టాను. గాల్లోనే అందుకోవడం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

మొదటిది అందుకుంది. రెండోదీ అందుకుంది. మూడోది చేతిలోంచి జారి దాని చెవి పక్క నుంచి పోయింది. కదల్లేదు. కింద పడ్డ చప్పుడు విని తల మొత్తం అటు తిప్పి, ముక్కుతో వెతుక్కుంది. ఇంకోటి అటే వేశాను. మళ్లీ అంతే. ఎడమవైపు వేస్తే పట్టుకుంటోంది. కుడివైపు వేస్తే దానికి సాసేజ్ లేనే లేదు.

పక్కన కూర్చుని కుడివైపు నుంచి మెల్లగా చేయి చాచాను. చెంప మీద వేలు తగిలిందో లేదో, ఇర్మా నా చేతిని కొరికింది. నన్ను. రక్తం రాలేదు. వెంటనే నేలకు అణగి, చెవులు వెనక్కి పెట్టి, ఆగస్టు నుంచి నేను ప్రేమ అనుకుంటున్నట్టే వచ్చి తలను నా తొడకు అదిమింది.

అప్పుడు ఆ కంటిని సరిగ్గా చూశాను. నల్లగుడ్డు మొత్తం పరుచుకుపోయి ఉంది. దాని వెనక నీలం పొగ. తెల్లగుడ్డు మీద ఎర్రటి దారాలు. ఎడమ కన్ను మామూలుగా ఉంది.

తూటాలు తీసి జేబులో వేసుకున్నాను. ఒకటి నాచులో పడితే వెతకడానికి చాలాసేపు పట్టింది.

అదే రోజు, కట్టెల కొట్టంలో

పుస్తకం మొదటి నుంచీ చదివాను. వంటింట్లో ఇర్మా గడప వైపు తల పెట్టి పడుకుంటుంది. కిటికీ వైపు నేను కూర్చుంటాను. అది దానికి ఎడమ. పొయ్యి కుడి. సిగ్‌బ్రిత్ ప్రతిసారీ పొయ్యి దగ్గర్నుంచే వచ్చింది. ఆగస్టు 13. 18. 23. చెంచా కూడా అటే పడింది.

రూనె కిటికీ వైపు కూర్చున్నాడు.

ఒక్కసారి ఆమెను నమ్మి, ఆమె నిలబడిన చోట నిలబడి చూసి ఉంటే చాలు. నాలుగు వారాలు పట్టింది. సాసేజ్ జారకపోయి ఉంటే ఇప్పుడు పార కడుక్కుంటూ ఉండేవాణ్ని.

సెప్టెంబరు 10, మంగళవారం

ఓస్టర్‌సుంద్ ఆసుపత్రి. డాక్టర్ వెండెలా. మాకో అమ్మాయి ఉండి ఉంటే ఈ వయసు ఉండేది. ఇర్మాతో నేల మీదే కూర్చుని, ఎడమ పక్క నుంచి మాట్లాడుతూ దగ్గరికి జరిగింది. కంటిలో మత్తుచుక్క వేసి పెన్నులాంటిది ఆనించింది. అది చిన్నగా కూసింది. అంకె చూసి ఆమె మళ్లీ ఆనించింది.

"కంటి లోపలి ఒత్తిడి యాభై ఎనిమిది. ఇరవై లోపు ఉండాలి," అంది. "నీటికాసులు అంటారు చూడండి, అదే. ఈ జాతిలో కనిపిస్తూ ఉంటుంది. ఈ కంటికి చూపు పోయింది. ఎప్పుడు పోయిందో చెప్పలేను, ఒకటి రెండు నెలలు అయి ఉండొచ్చు."

"నొప్పి ఉంటుందా?"

ఆమె ఆ పెన్ను పక్కన పెట్టింది. "మీకెప్పుడైనా ఒకవైపు తలనొప్పి వచ్చిందా? వాంతి వచ్చేంత? అది తగ్గకుండా ఉంటుందనుకోండి. మీరు చీకట్లో పడుకుని ఉన్నారు, ఆ నొప్పి ఉన్న వైపు నుంచి చెప్పా పెట్టకుండా ఎవరో చేయి వేశారు."

"తల తెచ్చి నాకు అదిమేది. నేను ప్రేమ అనుకున్నాను."

"అలా అదిమితే కాస్త ఊరట. కానీ మీ దగ్గరికే తెచ్చింది కదా," అంది. ఆ మాట మర్యాదకు అన్నదేనని తెలుసు. అయినా పట్టుకుని కూర్చున్నాను.

కన్ను తీసేయాలి. వేరే దారి లేదు. పదకొండేళ్ల కుక్కకు మత్తు ఇస్తే లేవకపోవచ్చు, అది కూడా చెప్పింది. ఎడమ కంట్లో ఒత్తిడి ఇరవై రెండు. అది కూడా ఏదో ఒకరోజు ఇదే దారి పడుతుంది. రోజుకు రెండుసార్లు చుక్కలు వేస్తే కొన్ని నెలలు, అదృష్టం బాగుంటే ఒక ఏడాది.

రేపు ఎనిమిదింటికి.

సెప్టెంబరు 11, బుధవారం

ఇర్మాను లోపలికి తీసుకెళ్లారు. తలుపు మూసుకునే ముందు వెనక్కి తిరిగి చూడాలని మెడ మొత్తం తిప్పింది.

"రెండు గంటలు పడుతుంది, ఎక్కడికైనా వెళ్లి రండి," అన్నారు. గుడ్రున్ ఇల్లు అక్కడికి నడిచే దూరం. ఐదోసారి వీధి చివరి దాకా వెళ్లి వెనక్కి వచ్చాక తలుపు కొట్టాను.

గుడ్రున్ తలుపు తీసి, "పక్క గదిలో ఉంది. కోటు విప్పకుండానే మాట్లాడు, ఎక్కువసేపు పట్టేలా లేదు నీ ముఖం చూస్తే," అని వంటింట్లోకి పోయింది.

సిగ్‌బ్రిత్‌కు అంతా చెప్పాను. కన్ను, ఒత్తిడి, కుడివైపు, పొయ్యి, చెంచా. గబగబా చెప్పాను. చెప్తున్నంతసేపూ లోపల ఏదో ఉత్సాహం, పాడు మాటే అయినా రాస్తున్నాను, మనం అనుకున్నట్టు కాదు, దానికి కారణం ఉంది, ఇక అంతా సర్దుకుంటుంది అన్న ఉత్సాహం.

ఆమె పూర్తిగా విన్నది. "పాపం ఇర్మా," అంది. నిజంగానే అంది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. తర్వాత నా వంక చూసింది.

"కుక్కకు కన్ను నొప్పి హెల్గె. నీకేం నొప్పి?"

నేను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను.

"గోరని మా అన్నకు చెప్పావు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అది కనబడక కరిచింది. నీకు కనబడీ గోరన్నావు."

"పళ్లని తెలిస్తే రూనె దాన్ని కాల్చేయమంటాడని భయపడ్డాను."

"అంటే నన్ను ఇంకోసారి కరిచినా పర్లేదనుకున్నావు."

కాదు అనబోయాను. అబద్ధానికి అలవాటుపడ్డ నోరు తెరుచుకుంది కూడా. మూసుకున్నాను.

"అవును," అన్నాను. "అలా అని మాటల్లో అనుకోలేదు. కానీ నేను చేసింది అదే."

వంటింట్లో గుడ్రున్ కప్పులు కడిగినవే మళ్లీ కడుగుతోంది. చివరికి సిగ్‌బ్రిత్, "పో. అది లేచే వేళకు అక్కడ ఉండు," అంది.

లేచింది. పదకొండున్నరకు తోక ఒకసారి నేలకు కొట్టింది.

సెప్టెంబరు 14, శనివారం

వేట గుడిసెలో ఏడుగురున్నారు. అందరి ముందూ రూనెతో చెప్పాను. "ఆగస్టులోనే కరిచింది. గోరని అబద్ధమాడాను. సిగ్‌బ్రిత్ చెప్పింది ప్రతిదీ నిజం. ఆమె అతి చేస్తోందని మీలో కొందరితో అన్నాను, అది కూడా అబద్ధం."

ఎవరూ తల ఎత్తలేదు. రూనె కత్తి నూరడం ఆపాడు.

"కుక్క ఎలా ఉంది?" అన్నాడు.

"ఒంటికన్ను. ఆకలి బాగుంది."

"గ్రిమ్‌ను ఏ డాక్టరుకూ చూపించలేదు నేను," అని మళ్లీ నూరుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత మొత్తం రోజు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కోపం నా మీద కాదని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

సెప్టెంబరు 22, ఆదివారం

కుట్లు విప్పారు. ఇర్మా బొమ్మ తాడు నోట కరుచుకుని వాకిట్లో గుండ్రంగా పరిగెత్తింది. నాలుగేళ్లయింది ఇలా చూసి. ముసలిదైపోయిందని సరిపెట్టుకున్నాం, నొప్పి ఎప్పుడు మొదలైందో ఎవరికి తెలుసు.

ఇల్లు చప్పుడు లేకుండా ఉంది.

సెప్టెంబరు 29, ఆదివారం

ఫోన్ చేశాను. వాతావరణం మాట్లాడుకున్నాం. పెట్టేసే ముందు, "చుక్కలు వేస్తున్నావా?" అని అడిగింది.

అక్టోబరు 13, ఆదివారం

సిగ్‌బ్రిత్ వచ్చింది. రూనె కారులో. గుమ్మం దాటకముందే మూడు మాటలు చెప్పింది. "కుక్క పడక వంటింట్లో ఉండకూడదు. నేను వంట చేసేటప్పుడు తలుపుకు అడ్డం ఉండాలి. ఇంకోసారి ఏదైనా జరిగితే ముందు ఎవరి వంక చూస్తావో నాకు ఇప్పుడే చెప్పు."

"నీ వంక."

"చూద్దాం," అంది.

పడక హాల్లోకి మార్చాను. అడ్డుపలక మధ్యాహ్నానికల్లా చేసి బిగించాను. ఇర్మా అవతల నిలబడి సిగ్‌బ్రిత్‌ను వాసన చూసింది, ముక్కు పలకల సందులో పెట్టి. సిగ్‌బ్రిత్ దగ్గరికి రాలేదు. కానీ చుట్టు తిరిగీ పోలేదు.

నవంబరు 7, గురువారం

రాత్రంతా మంచు పడింది. రోడ్ల మంచు తోసే బండి నాదే కాబట్టి నాలుగింటికే పిలుపు వచ్చింది. చుక్కల వేళకు ఇంటికి చేరలేను. సిగ్‌బ్రిత్‌ను లేపి అడగడానికి మనసొప్పలేదు. సీసా బల్ల మీద పెట్టి వెళ్లాను, ఏమీ రాయలేదు. ఒక్క పూట తప్పితే ఏం కాదులే అని బండిలో రోడ్డు పొడుగునా చెప్పుకుంటూనే ఉన్నాను. డాక్టర్ వెండెలా ఒక్క పూట కూడా తప్పొద్దని చెప్పింది.

పదకొండింటికి వచ్చేసరికి వంటింటి కేలండర్ మీద ఇవాళ్టి గడిలో పెన్సిల్‌తో 8.10 అని ఉంది. సిగ్‌బ్రిత్ చుక్కల సీసా పక్కన నా పాత తోలు చేతొడుగులు పెట్టింది. నేనేమీ అడగలేదు. సూప్ పెట్టింది, తిన్నాను.

నవంబరు 26, మంగళవారం

ఎడమ కంట్లో ఇరవై తొమ్మిది. చుక్కలు పెంచారు. వసంతం దాకా ఉంటే గొప్ప అన్నారు. సిగ్‌బ్రిత్ కూడా వచ్చింది, డాక్టరును నాకు తోచని ప్రశ్నలు అడిగింది. పూర్తిగా చూపు పోయాక నొప్పి లేకుండా చూడొచ్చా? చూడొచ్చు. అది సంతోషంగా ఉండగలదా? ఇల్లు మార్చకుండా, చెప్పకుండా ముట్టుకోకుండా ఉంటే, ఉండగలదు.

డిసెంబరు 3, మంగళవారం

సిగ్‌బ్రిత్ ఇర్మాతో మాట్లాడటం మొదలుపెట్టింది. ముద్దు మాటలు కాదు. ఎవరో గుమాస్తాకు చెప్పినట్టు చెబుతుంది. ఏ గదిలోకి వెళ్లినా, "ఇర్మా, నేను సిగ్‌బ్రిత్‌ను. కుర్చీ జరుపుతున్నాను." "ఇర్మా, నీ కుడి పక్క నుంచి పోతున్నాను." "ఇర్మా, గిన్నె కింద పెడుతున్నాను." ఇల్లంతా ఇదే వినబడుతోంది. ఇర్మా చెవి ఒకటి అటు తిప్పి, మళ్లీ పడుకుంటుంది.

నేను మాట తక్కువ మనిషిని. ముప్పై ఆరేళ్లూ బయటికి పోతే చెప్పి పోలేదు, వస్తే చెప్పి రాలేదు. బూట్ల చప్పుడు విని తెలుసుకోవాలి ఇంట్లో వాళ్లు.

ఇవాళ మంచు తోసి వచ్చి హాల్లో నిలబడ్డాను. ఇర్మా నిద్రలో ఉంది. వంటింట్లో సిగ్‌బ్రిత్ వీపు నా వైపు ఉంది.

"హెల్గెను. వచ్చాను," అన్నాను. "రోడ్డు బాగా జారుతోంది, వంతెన దగ్గర భయమేసింది."

ఇర్మా తోక కొట్టింది. సిగ్‌బ్రిత్ వెనక్కి తిరిగింది.